ఫ్యాటు మిషను ముందు ఆడవాళ్ళు

చిత్తూరు జిల్లా పల్లెల్లో బడి మొహం చూడని ఆడవాళ్ళ నోట కూడా రెండు ఇంగ్లీషు మాటలు అలవోకగా పలుకుతాయి. ఒకటి ఫ్యాటు, రెండోది ఎస్సెనెఫ్. "ఈ పూట ఫ్యాటు పడిపోయింది మే", "ఎస్సెనెఫ్ లేదంట, కటింగు పెట్టినారు" అని పాల కేంద్రం నుంచి ఖాళీ క్యాను పట్టుకుని ఇంటికొస్తూ దారిలో చెప్పుకుంటారు. ఎస్సెనెఫ్ అంటే ఏమిటక్కా అని అడిగితే మాత్రం నవ్వేస్తారు. "ఏమోమ్మా, మిషనుకి తెల్సు" అంటారు.

ఈ జవాబు నన్ను చాలాకాలంగా వదలడం లేదు. తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే నాకు దీన్ని అమాయకత్వం అనుకోవాలో వెటకారం అనుకోవాలో ఇప్పటికీ తేలలేదు. సామాన్యులకు తమ కాలపు యంత్రాలు ఎంతవరకు అర్థమవుతాయి అనే చర్చ వచ్చినప్పుడల్లా ఒక సంగతి గమనిస్తుంటాను. "సామాన్యులు" అనే మాటకి ఉదాహరణ కావాల్సి వచ్చేసరికి వెంటనే ఒక ఆడమనిషిని, అందులోనూ పల్లెటూరి ఆడమనిషిని తెచ్చి నిలబెడతారు. ఏటీఎం ముందు తెల్లమొహం వేసిన అవ్వ, సెల్‌ఫోను తలకిందులుగా పట్టుకున్న అత్త. మోటారు స్టార్టరు ఎందుకు కొట్టుకుంటోందో తెలియక దాన్ని చెప్పుతో కొట్టే మగవాడి మీద జోకులు ఎందుకో పుట్టవు. అర్థం కాకపోవడం అందరికీ ఉన్నా, దానికి నవ్వులపాలయ్యేది కొందరే. అందుకని ఈ ప్రశ్నని మా జిల్లా పాల దగ్గరికి తీసుకొచ్చి చూడాలనిపించింది. ఇక్కడ యంత్రం ముందు రోజుకి రెండుసార్లు నిలబడేది ఎక్కువగా ఆడవాళ్ళే. అది చెప్పిన అంకె మీదే ఆ పూట వాళ్ళ శ్రమకి విలువ కట్టబడుతుంది.

పాలలో వెన్న ఎంతుందో తేల్చే నమ్మకమైన పద్ధతులు పుట్టి నూటముప్పై ఏళ్ళు దాటింది. 1890లో అమెరికాలో స్టీఫెన్ బాబ్‌కాక్ ఒకటి ప్రకటించాడు. 1891లో స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ గెర్బర్ ఇంకొకటి తెచ్చాడు. రెంటికీ అవసరం ఒకటే. అప్పటిదాకా ఆ దేశాల్లోనూ పాలు చిలికి వెన్న తీసేది ఇంట్లో ఆడవాళ్ళు. వెన్న అమ్మిన డబ్బులు చాలా ఇళ్ళల్లో వాళ్ళ చేతి డబ్బులు. ఆ పని ఫ్యాక్టరీకి మారాక ఊళ్ళో అందరి పాలూ ఒకే తొట్టిలో కలిశాయి. ఎవరి పాలు చిక్కనివో, ఎవరు నీళ్ళు పోశారో తేల్చాల్సి వచ్చింది. అంటే పాలని కొలిచే యంత్రం, వెన్న ఆడవాళ్ళ చేతుల్లోంచి బయటికి వెళ్ళిన చోటే పుట్టిందన్నమాట. సైన్సు పుస్తకాల్లో ఆవిష్కర్తల పేర్లుంటాయి కానీ ఈ ముక్క ఉండదు.

గెర్బర్ పద్ధతి మా వైపు పాల కేంద్రాల్లో చాలా ఏళ్ళు నడిచింది. సన్నటి మెడ ఉన్న గాజు గొట్టంలో ముందు 10 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం పోస్తారు. దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. బిరడా బిగించి ఊపితే గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, తెల్లటి పాలు ముదురు గోధుమరంగుకి మారతాయి. ఆమ్లం పాలలోని మాంసకృత్తులన్నిటినీ కరిగించేస్తుంది. మిగిలిన వెన్నని గిరగిరా తిరిగే యంత్రంలో పెట్టి పైకి తేలుస్తారు. మెడ మీది గీతల్లో పసుపుపచ్చగా నిలిచిన వెన్న ఎన్ని గీతలుంటే అంత శాతం. ఈ తంతుని చిన్నప్పుడు చూసిన ఆడవాళ్ళు దాన్ని "యాసిడ్ పోసే మిషను" అనే గుర్తు పెట్టుకున్నారు. పాలని కాల్చి వెన్న తీస్తారని ఒకామె నాకు చెప్పింది. ఆలోచిస్తే అందులో తప్పేమీ లేదు.

ఎస్సెనెఫ్ కథ ఇంకా తమాషా. వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు, అంటే మాంసకృత్తులు, లాక్టోజు, లవణాలు అన్నీ కలిపి దానికి ఆ పేరు. గెర్బర్ గొట్టాల కాలంలో దీన్ని ఎవరూ నేరుగా కొలవలేదు. లాక్టోమీటరు పాలలో ఎంత తేలిందో చూసి, ఆ రీడింగులో నాలుగో వంతు తీసుకుని, దానికి వెన్న శాతంలో కొంత భాగం, ఒక స్థిరమైన అంకె కలిపితే వచ్చేదే ఎస్సెనెఫ్. అది ఒక కూడిక. కేంద్రంలో కూర్చుని ఆ కూడిక చేసిన కుర్రాడికి ఆ స్థిరమైన అంకె ఎక్కడిదో తెలియదు. ఆ కుర్రాణ్ణి తనిఖీ చెయ్యడానికొచ్చిన సూపర్‌వైజరుకీ తెలిసి ఉంటుందని నేననుకోను. తర్వాత వెలుతురు పాలలో ఎంత చెదిరిందో చూసి వెన్న చెప్పే ఎలక్ట్రానిక్ టెస్టర్లొచ్చాయి. ఆ తర్వాత మన చెవికందని ధ్వని తరంగాల్ని పాలలోంచి పంపి, వాటి వేగాన్ని బట్టి అన్నీ ఒకేసారి చెప్పేసే డబ్బాలొచ్చాయి. యాసిడ్ పోయింది, కూడికా పోయింది. ఎర్రటి అంకెలు మిగిలాయి. "మిషనుకి తెల్సు" అన్న అక్క మాట కేంద్రంలో కూర్చున్న అందరికీ వర్తిస్తుంది. కాకపోతే ఆమె ఒప్పుకుంటుంది, వాళ్ళు ఒప్పుకోరు.

పాడి మా జిల్లాకి అంతగా ఎందుకు అల్లుకుపోయిందో చెప్పాలంటే నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. చెరువులు, బావులు తప్ప చెప్పుకోదగ్గ నది అండ లేని జిల్లా. వానలు మొహం చాటేసి చెనిక్కాయ పంట పోయినప్పుడల్లా చిన్న రైతుల ఇళ్ళకి పాల బిల్లే దిక్కయింది. 1970లో దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. 1974లో రాష్ట్రంలో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఊరూరా సొసైటీలొచ్చాయి, సీమావులొచ్చాయి. 1991 తర్వాత లైసెన్సుల గొడవ సడలి ప్రైవేటు డెయిరీలు వరసకట్టాయి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఈ చరిత్ర రాజకీయ నాయకుల పేర్లతో సహా అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఇక్కడ ఆగుతాను. నాకు కావలసింది ఈ మార్పులో ఇంటి లోపల ఏం జరిగిందనేది.

పాలు అమ్మకానికి పోకముందు ఇంట్లో ఒక కొలమానం ఉండేది. అది కవ్వం. గేదెని మా వైపు ఎనుము అంటారు. ఎనుము పాలలో ఆరేడు శాతం వెన్న ఉంటుంది, ఆవు పాలలో మూడున్నర నాలుగు. అమ్మమ్మల కాలంలో శాతాల మాట లేదు కానీ ఏ పశువు పాలు ఎన్ని చెంబులు తోడేస్తే ఎంత ముద్ద వెన్న పడుతుందో, దాన్ని కాస్తే ఎంత నెయ్యి దిగుతుందో ప్రతి ఇల్లాలికీ లెక్క ఉండేది. పుంగనూరు పొట్టి ఆవు చెంబెడు పాలే ఇచ్చినా వెన్న బాగా పడుతుందని ఈ జిల్లా ఆడవాళ్ళకి చిలికిన చేతులే చెప్పాయి. ఇదేదో మనసుకి తోచిన అంచనా కాదు, కచ్చితమైన కొలతే. ఏడు శాతం వెన్న ఉన్న పది లీటర్ల పాలు చిలికారనుకోండి. మజ్జిగలో మిగిలిపోయేదాన్ని తీసేసినా ఆరువందల గ్రాములకి అటూ ఇటూగా నెయ్యి రావాలి. అంత నెయ్యి దిగే పాలకి కేంద్రంలో అయిదు శాతం అని చెబితే, గంధకామ్లమూ ధ్వని తరంగాలూ ఏవీ అర్థం కాకపోయినా ఆ అంకె తప్పని ఆమె చెప్పగలదు. యంత్రం లోపల ఏముందో తెలియకపోయినా, అది ఎప్పుడు అబద్ధమాడుతుందో తెలిస్తే చాలు. యంత్రం అర్థమవడంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

పాలు పూర్తిగా కేంద్రానికి పోవడం మొదలయ్యాక మొదట అటకెక్కింది కవ్వం. రెండు పూటలా పాలు పోసి, పిల్లలకి టీలోకి ఓ గ్లాసు మిగుల్చుకునే ఇంట్లో చిలకడానికి ఏముంటుంది? ఒక తరం తిరిగేసరికి చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతిలో ఉన్న రెండో కొలమానం పోయింది. ఇప్పుడు మిషను చెప్పిందే మాట. నెయ్యి అమ్మిన డబ్బులు ఆమె కొంగున ఉండేవి. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు మాత్రం సొసైటీ పుస్తకంలో పేరున్న మగవాడి జేబులోకి వెళ్ళింది. పశువుకి మేత కోసేదీ, పేడ ఎత్తేదీ, పాలు పిండేదీ ఆమె. సభ్యుడు ఆయన. యంత్రం అర్థం కాకపోవడాన్ని ఆమె చదువులేనితనం ఖాతాలో వేసేవాళ్ళు, ఆ యంత్రాన్ని సరిచూసుకునే సాధనం ఆమె చేతిలోంచి ఎలా పోయిందో ఒకసారి చూడాలి.

అలాగని పాతకాలంలో అందరికీ అన్నీ తెలుసనే పాట నేను పాడబోవడం లేదు. వెన్న పడకపోతే దిష్టి తగిలిందని మిరపకాయలు తీసిన ఇళ్ళు మావే. పైగా ఆ తెలివిడి ఎవరెవరిది? పాడి ఉన్న ఇంట్లో పేడకళ్ళు తీసి, గడ్డి వేసిన మాదిగ ఇంటి ఆడమనిషికి మజ్జిగ దొరికింది కానీ కవ్వం తాకే హక్కు దొరకలేదు. బావి దగ్గరా అంతే. కపిల తోలడం చూసినవాళ్ళు దాన్ని ఎంత తేలిగ్గా అర్థమయ్యే యంత్రమో అని మెచ్చుకుంటారు. ఎద్దులు, మోకు, గిలక, తోలుసంచి. అన్నీ కంటికి కనిపిస్తాయి. కానీ ఆ తోలు ఊనడం, కుట్టడం ఒక కులం పని. కొయ్యపని ఇంకో కులానిది. తోలేది రైతు. దాని జ్ఞానం మొత్తం ఏ ఒక్కరి దగ్గరా లేదు. తోలు పనివాడు తెలిసిన జ్ఞానానికి కూలి వచ్చిందే కానీ గౌరవం రాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు క్రోము తోళ్ళ పరిశ్రమ మొదలుపెట్టినప్పుడు, వాటితో చేయించిన సరుకుల్లో ఈ కపిల సంచులు కూడా ఉన్నాయి. తోలు ఎందుకు కుళ్ళుతుందో, ఏం చేస్తే నీళ్ళలో ఎక్కువకాలం మన్నుతుందో తరతరాలుగా తలబద్దలు కొట్టుకున్నవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. చాటర్టన్ పేరు ఉంది.

పాల కేంద్రం ఈ గోడల్లో ఒకదానికి కన్నం పెట్టిందని కూడా ఒప్పుకోవాలి. మిషనుకి కులం తెలియదు. అందరి పాలూ ఒకే క్యానులో కలుస్తాయి. అప్పు తెచ్చి ఎనుముని కొనుక్కున్న దళిత స్త్రీ క్యూలో తన వంతుకి నిలబడి, తన పాలకి అంకె అడిగి తెలుసుకుంటుంది. కవ్వం పోయిందని బాధపడేటప్పుడు ఆ కవ్వం ఎవరిదో మరిచిపోతే మన బాధ మరీ ఒకవైపుదే అవుతుంది.

ఇక మిషను ముందు నిలబడ్డ ఆడవాళ్ళు నిజంగా ఏమీ అర్థం చేసుకోలేదా? పాకాల వైపు ఒక పల్లెలో నేను విన్న కథ చెబుతాను. ఒకామెకి సీమావు పాలకి రోజూ ఫ్యాటు తక్కువ పడుతోంది. ఒక సాయంత్రం పిండిన పాలనే రెండు క్యాన్లలో సగం సగం పోసి, ఒకటి తాను తీసుకెళ్ళింది, రెండోది తోడికోడలి చేత ఆమె పేరు మీద పోయించింది. ఒకదానికి 4.1 వచ్చింది, ఒకదానికి 3.6. మర్నాడు కేంద్రంలో నిలదీసింది. "మిషను తప్పు చెప్పదు" అన్నాడు కుర్రాడు. "అయితే మా ఆవు చెప్పిందా?" అంది ఈమె.

నవ్వుకుని వదిలేసే మాట కాదిది. ఒకే నమూనాని రెండు ముక్కలు చేసి, పేరు దాచి, యంత్రానికి రెండుసార్లు చూపించడం ఏ ప్రయోగశాలలోనైనా మొదట నేర్పే పరీక్ష. ఆమెకి దాన్ని ఎవరూ నేర్పలేదు. ఆ పరీక్ష తర్వాత ఆ ఊరి ఆడవాళ్ళు కారణాలు వెతకడం మొదలుపెట్టారు. పాలు కాసేపు నిలిచి ఉంటే మీగడ పైకి తేలుతుంది. గరిటెతో కలపకుండా అడుగు నుంచి శాంపిల్ తీస్తే ఫ్యాటు తగ్గుతుంది. కాబట్టి "కలిపి తియ్యబ్బా" అని నిలబడి అడగడం నేర్చుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. మిషను గొట్టాన్ని మధ్యలో సరిగ్గా కడక్కపోతే ముందు పెట్టిన పాల మిగులు తర్వాతి పాలలో కలుస్తుంది. ఎనుము పాల తర్వాత ఆవు పాలు పెడితే ఆవు పాలకి ఫ్యాటు పెరుగుతుంది. ఈ సంగతి పసిగట్టి కొందరు క్యూలో ఎనుము పాలు తెచ్చినామె వెనకాలే చేరడం మొదలుపెట్టారు. ఎనుముల ఇళ్ళవాళ్ళేమో ఆవు పాలవాళ్ళ వెనక నిలబడమని గొడవ. ధ్వని తరంగాల గురించి ఒక్క ముక్క తెలియకుండానే ఆ యంత్రం బలహీనత ఎక్కడుందో ఆ వరస మొత్తానికి తెలుసు.

పొదుగులో పాల సంగతీ అంతే. మొదట పిండే పాలు పల్చన, చివరి ధారలు చిక్కన. పుస్తకాల్లోనూ అదే ఉంటుంది, పిండేవాళ్ళకి అది చేతికే తెలుస్తుంది. పాత అలవాటు ప్రకారం ఆఖరి ధారలు దూడకి వదిలేవాళ్ళు. ఫ్యాటుని బట్టి డబ్బులని తెలిశాక కొన్ని ఇళ్ళల్లో వరస తిరగబడింది. దూడని ముందు విడిచి, ఆఖరి పాలు క్యానులోకి పిండుకున్నారు. దూడ నోటి దగ్గర చిక్కటి పాలు తగ్గించి మిషను నోట్లో పోశామని ఒకామె నాతో అన్నప్పుడు ఆ గొంతులో గర్వమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. యంత్రాన్ని అర్థం చేసుకోవడం ప్రతిసారీ విముక్తి కాదు. దాని లెక్కకి మన బతుకుని సర్దుకోవడం కూడా అర్థం చేసుకోవడంలో భాగమే.

కృత్రిమ గర్భధారణ గురించి ఒక మాట. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలవుంచిన వీర్యాన్ని తెచ్చి వెయ్యడాన్ని ఊళ్ళో "సూది వేయించడం" అంటారు. పొద్దున ఎదకొచ్చిన ఆవుకి సాయంత్రం, సాయంత్రం ఎదకొచ్చినదానికి మర్నాడు పొద్దున వేయించాలనే నియమాన్ని అమెరికాలో 1940లలో పరిశోధనలు చేసి స్థిరపరిచారు. ఆ నియమం పనిచెయ్యాలంటే ఆవు ఎప్పుడు ఎదకొచ్చిందో ముందు ఎవరో ఒకరు కనిపెట్టాలి. మేత ముట్టకపోవడం, ఊరికే అరవడం, తీగలు వెయ్యడం గమనించి కబురు పంపేది ఆమె. ఆమె పొద్దు తప్పితే అంత ఖరీదైన నత్రజని సిలిండరూ వృథా. రికార్డులో మాత్రం డాక్టరు పేరు, ఎద్దు నంబరు, యజమాని పేరు ఉంటాయి.

ఇదే పాకాల మండలంలో గాదంకి దగ్గర ఎత్తైన కంచె వెనక 1,024 యాంటెన్నాల పొలం ఉంది. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల్ని ఆకాశంలోకి పంపి పైన గాలుల కదలికని కనిపెట్టే రాడారు అది, 1990ల నుంచి పనిచేస్తోంది. దాని పక్కనే పశువుల్ని మేపుకునే ఆడవాళ్ళకి అది అర్థం కాకపోతే ఎవరికీ నష్టం లేదు, ఎవరూ ఎగతాళి చెయ్యరు. దాని అంకె వాళ్ళ కూలిని తేల్చదు కదా. శ్రీసిటీలో సంగతి వేరు. 2015 నుంచి అక్కడ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి, బిగించే చేతులు ఎక్కువగా ఆడపిల్లలవే. పాలు పోసే అమ్మల కూతుళ్ళు వాళ్ళల్లో ఎందరో. తమ ముందుకొచ్చిన ఒక్క భాగాన్ని బిగించడంలో వాళ్ళకున్న వేగం, చూపు అసాధారణం. మొత్తం ఫోను ఎలా పనిచేస్తుందో వాళ్ళకి తెలియనవసరం లేకుండా ఆ వరసని ఏర్పాటు చేశారు. కపిల జ్ఞానాన్ని కులం ముక్కలు చేసింది. ఇక్కడ కన్వేయరు బెల్టు చేస్తోంది. రెండూ ఒకటేనని అనను, ఆ పిల్లలకి జీతం చేతికొస్తుంది, ఇల్లు దాటారు. కానీ "వీళ్ళకి టెక్నాలజీ తెలియదు" అని ఎవరైనా అంటే, తెలియకుండా పని ఏర్పాటు చేసినవాళ్ళెవరని అడగాలి.

2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది. వాటాదారులందరూ ఆడవాళ్ళే. ఇప్పుడు లక్షకి పైగా సభ్యులున్నారు. పుస్తకంలో పేరు ఆమెది, బ్యాంకు ఖాతా ఆమెది. నలభై ఏళ్ళ కిందటి సొసైటీ పుస్తకంతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు. ఈ రోజుల్లో చాలా కేంద్రాల్లో అంకెలు అందరికీ కనిపించేలా బోర్డు మీద పడతాయి, చీటీ చేతికొస్తుంది, ఫోనుకి మెసేజీ వస్తుంది. చూడగలిగే అంకె, నిలదీయగలిగే అంకె. అయితే మెసేజీ వచ్చే ఫోను చాలా ఇళ్ళల్లో మొగుడి దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. చీటీ మీద అక్షరాలు ఇంగ్లీషువి. మిషనుని ఎవరు, ఎప్పుడు, దేనితో సరిచూస్తారనేది ఆ చీటీ మీద ఉండదు.

పాకాల వైపు ఆ ఊళ్ళో, రెండు క్యాన్ల పరీక్ష పెట్టినామె ఇప్పటికీ పాలు పోస్తోంది. మిషను మారింది, కుర్రాడు మారాడు. చీటీలన్నీ గుచ్చి వంటింటి కిటికీకి తగిలించి పెట్టుకుంది. కొడుకు కూతురు వాటిని చదివి పెడుతుంది. నెలకోసారి మాత్రం ఒక పూట పాలు కేంద్రానికి పొయ్యకుండా ఇంట్లోనే తోడేస్తుంది. అటక మీది కవ్వం దించి చిలికి, వెన్న కాచి, నెయ్యిని కిరాణా కొట్టు తక్కెడలో తూయించుకుని వచ్చి, ఆ నెల చీటీలు ముందేసుకుని కూర్చుంటుంది.